అమెరికా సిరికి హామీ ఎవరిది?

యుద్ధం గెలిచిన సంబరం ఒకపక్క, రేపెలా అన్న బెంగ మరోపక్క. 1945 ఆగస్టులో అమెరికా పరిస్థితి అది. కోటీ ఇరవై లక్షల మంది సైన్యంలో ఉన్నారు. కొద్ది నెలల్లో వాళ్ళలో ఎక్కువమంది ఇంటిదారి పడతారు. ట్యాంకులు, బాంబర్లు తయారుచేస్తున్న ఫ్యాక్టరీలకు ఆర్డర్లు ఆగిపోతాయి. మరి వీళ్ళందరికీ పని ఎక్కడ దొరకాలి? 1933లో నలుగురు కార్మికుల్లో ఒకరు పని లేక రోడ్డున పడ్డ సంగతి ఎవరూ మర్చిపోలేదు. యుద్ధం ఖర్చు ఒక్కసారిగా ఆపేస్తే ఆ రోజులే మళ్ళీ వస్తాయని పాల్ శామ్యూల్సన్ వంటి ఆర్థికవేత్తలు 1943లోనే హెచ్చరించారు.

ఆ రోజులు రాలేదు. వచ్చింది అందుకు పూర్తిగా భిన్నమైన కాలం. 1940లో సొంతింట్లో ఉంటున్న కుటుంబాలు 44 శాతం. 1960 నాటికి 62 శాతం. యుద్ధం ముగిసే సమయానికి రెండున్నర కోట్లున్న కార్లు పదిహేనేళ్ళలో ఆరు కోట్లు దాటాయి. 1950లో పదిళ్ళలో ఒక ఇంట్లో కూడా టీవీ లేదు; పదేళ్ళు తిరిగేసరికి పదింట తొమ్మిదిళ్ళలో ఉంది. 1946 నుంచి 1964 వరకు ఏడున్నర కోట్ల మందికి పైగా పిల్లలు పుట్టారు. అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క ఇంకొకటి ఉంది. 1947 నుంచి 1973 వరకు, ధరల పెరుగుదల తీసేసి చూసినా, సగటు మధ్యతరగతి కుటుంబం ఆదాయం దాదాపు రెట్టింపయింది. పైనున్న అయిదో వంతు కుటుంబాల ఆదాయం ఎంత వేగంగా పెరిగిందో, అడుగునున్న అయిదో వంతుదీ అంతే వేగంగా, ఇంకా చెప్పాలంటే కాస్త ఎక్కువ వేగంగానే పెరిగింది. ఆ దేశ చరిత్రలో అంతకుముందు అలా జరగలేదు, ఆ తర్వాత అంతకాలం పాటు జరగలేదు.

ఈ కథ వినిపించేవాళ్ళు సాధారణంగా ఒకే తీరులో వినిపిస్తారు. కష్టజీవులైన జనం, స్వేచ్ఛగా నడిచిన మార్కెట్, అడ్డుపడని ప్రభుత్వం, ఆ మూడూ కలిసి సిరి తెచ్చాయంటారు. జనం కష్టపడ్డారన్నది నిజం. తక్కినది నిజం కాదు. ఆ సిరికి అడుగడుగునా ప్రభుత్వం పూచీ పడింది, కార్మిక సంఘాలు గట్టిగా బేరమాడాయి. ఎవరికి పూచీ పడాలో, ఎవరికి పడకూడదో కూడా ఆ ప్రభుత్వమే నిర్ణయించింది. ఈ రెండు సంగతులూ కలిపి చెబితేనే ఆ కాలం అర్థమవుతుంది. మొదటిది దాచేవాళ్ళు మార్కెట్ భక్తులు. రెండోది దాచేవాళ్ళు పాత రోజుల మీద మమకారం ఉన్నవాళ్ళు. చాలామంది రెండూ దాచేస్తారు.

మొదట సైనికుల సంగతి. 1932 వేసవిలో మొదటి ప్రపంచయుద్ధపు మాజీ సైనికులు, తమకు ఇస్తామన్న బోనస్ ఆకలి రోజుల్లోనే ఇచ్చేయమని అడగడానికి వేలాదిగా వాషింగ్టన్ చేరారు. పెళ్ళాంపిల్లలతో నది పక్కన పాకలు వేసుకున్నారు. జులై 28న జనరల్ డగ్లస్ మెకార్థర్ సైన్యాన్ని వెంటబెట్టుకొచ్చి బాష్పవాయువుతో వాళ్ళను తరిమేశారు. పాకలు తగలబడ్డాయి. ఒకప్పుడు దేశం కోసం పోరాడినవాళ్ళను ఆ దేశపు సైన్యమే తరిమిన దృశ్యం ఒక తరాన్ని వెంటాడింది. రెండో యుద్ధం ఇంకా నడుస్తుండగానే, 1944 జూన్ 22న, నార్మండీ తీరంలో సేనలు దిగిన పదహారు రోజులకు, అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఒక చట్టంపై సంతకం చేశారు. దాన్ని జనం జీఐ బిల్లు అన్నారు.

అందులో ఏముంది? తిరిగొచ్చిన సైనికుడికి పని దొరక్కపోతే ఏడాది వరకు వారానికి 20 డాలర్లు. చదువుకుంటానంటే ఏడాదికి 500 డాలర్ల దాకా ఫీజు, పైగా బతకడానికి నెలనెలా భత్యం. అప్పట్లో 500 డాలర్లంటే హార్వర్డ్ ఫీజు కూడా కట్టగలిగినంత డబ్బు. ఇల్లు కొంటానన్నా, పొలం కొంటానన్నా, వ్యాపారం పెడతానన్నా బ్యాంకు అప్పుకు ప్రభుత్వమే పూచీ. చదువు సంగతి విని హార్వర్డ్ అధ్యక్షుడు జేమ్స్ కోనంట్, షికాగో విశ్వవిద్యాలయాధిపతి రాబర్ట్ హచిన్స్ కంగారు పడ్డారు. ప్రమాణాలు పడిపోతాయన్నది వాళ్ళ భయం. 1947 నాటికి దేశంలోని కాలేజీ విద్యార్థుల్లో దాదాపు సగం మంది మాజీ సైనికులే. క్లాసులో అందరికన్నా బాగా చదివింది కూడా చాలాచోట్ల వాళ్ళే. పెళ్ళయిన విద్యార్థులకు హాస్టళ్ళు చాలక, సైన్యం వాడి వదిలేసిన రేకుల గుడిసెలనే కాలేజీ ఆవరణల్లో వరసగా నిలబెట్టారు. 1956 వరకు ఆ చట్టం కింద చదువో శిక్షణో పొందినవాళ్ళు 78 లక్షల మంది. వాళ్ళలో 22 లక్షల మంది కాలేజీలకు వెళ్ళారు. మిగిలినవాళ్ళు వెల్డింగ్, రేడియో రిపేరు, వ్యవసాయం, ఇంకా రకరకాల పనులు నేర్చుకున్నారు. రైతుబిడ్డలు, గని కార్మికుల బిడ్డలు ఇంజినీర్లయ్యారు, అకౌంటెంట్లయ్యారు. యాభైలలో కంపెనీల ఆఫీసులు నింపిన తరం ఇదే.

ఇక ఇల్లు. ఇక్కడ కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే ఆ కాలపు సంపదంతా ఇంటి చుట్టూనే అల్లుకుంది.

1930లకు ముందు అమెరికాలో అప్పు చేసి ఇల్లు కొనాలంటే దాదాపు సగం డబ్బు చేతిలో ఉండాలి. మిగతా సగానికి బ్యాంకు ఇచ్చే గడువు మూడేళ్ళో అయిదేళ్ళో. అంతవరకు వడ్డీ కడుతూ, గడువు తీరగానే అసలు మొత్తం ఒకేసారి కట్టాలి. లేదా అప్పు తిరగరాయించుకోవాలి. మాంద్యంలో బ్యాంకులు తిరగరాయడం మానేశాయి, ఇళ్ళు వేలానికి వచ్చాయి. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఈ పద్ధతినే మార్చేసింది. చేతి నుంచి పెట్టేది కొద్దిగా, కిస్తీలు ఇరవై, ముప్పై ఏళ్ళ పాటు, ప్రతి కిస్తీలో వడ్డీతో పాటు కొంత అసలు. కొన్నవాడు ఎగ్గొడితే బ్యాంకు నష్టాన్ని ప్రభుత్వ బీమా భరిస్తుంది. మాజీ సైనికుడైతే చేతి నుంచి పైసా పెట్టనక్కర్లేదు. 1944 నుంచి 1952 వరకు 24 లక్షల ఇంటి అప్పులకు మాజీ సైనికుల ప్రభుత్వ సంస్థ ఒక్కటే పూచీ ఇచ్చింది. ఈ రోజు హైదరాబాదులో ఫ్లాటు కొనేవాళ్ళు ఇరవై ఏళ్ళ ఈఎమ్ఐ గురించి మాట్లాడుకున్నట్టు, ఆనాడు అమెరికాలో మామూలు కార్మికుడు ముప్పై ఏళ్ళ కిస్తీ గురించి మొదటిసారి మాట్లాడగలిగాడు.

న్యూయార్క్ నగరానికి తూర్పున లాంగ్ ఐలాండ్‌లో, హెంప్‌స్టెడ్ దగ్గర బంగాళాదుంపల పొలాలుండేవి. పంటకు పురుగు పట్టి రైతులు నష్టపోతున్నారు. 1947లో లెవిట్ అండ్ సన్స్ అనే కంపెనీ అక్కడ రెండు వేల ఇళ్ళు కట్టి మాజీ సైనికులకు అద్దెకిస్తామని ప్రకటించింది. కంపెనీని నడిపిన విలియం లెవిట్ యుద్ధంలో నౌకాదళపు నిర్మాణ విభాగంలో పనిచేశారు. ఇళ్ళను ఫ్యాక్టరీలో సరుకు చేసినట్టు చేయవచ్చన్నది ఆయన నమ్మకం. కార్ల ఫ్యాక్టరీలో మనిషి నిలబడి ఉంటాడు, కారు కదులుతుంది. లెవిట్ దగ్గర ఇల్లు కదలదు, మనిషే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కదులుతాడు.

ఇంటి పనిని పాతిక పైచిలుకు పనులుగా విడగొట్టారు. తెల్లవారకముందే లారీలు వచ్చి ప్రతి ఇంటి స్థలం దగ్గరా ఒకే తీరు కట్టలు దించి వెళ్ళేవి. ముందుగానే కొలత ప్రకారం కోసిన కలప, పైపులు, ఇటుకలు, పైకప్పు పెంకులు, రాగి గొట్టాలు. తర్వాత ఒక ముఠా వచ్చి నేలకు కాంక్రీటు పోసి వెళ్తుంది. నేల కింద గది తవ్వే ఆనవాయితీని లెవిట్ పక్కన పెట్టేశారు, ఖర్చు తగ్గడానికి. ఇంకో ముఠా గోడల చట్రాలు నిలబెడుతుంది. ఒకడు తెల్లరంగు మాత్రమే వేస్తాడు. ఒకడి పని వాషింగ్ మెషీన్లను నేలకు బోల్టులతో బిగించడం, పొద్దస్తమానం అదే. 1948 వేసవికి రోజుకు ముప్పై ఇళ్ళు తయారయ్యేవి. 750 చదరపు అడుగుల చిన్న ఇల్లు, రెండు పడగ్గదులు, పైన ఖాళీ అటక. పిల్లలు పుట్టాక ఆ అటకను గదిగా మార్చుకునేవాళ్ళు. 1949లో అమ్మకానికి పెట్టిన కొత్త నమూనా ధర 7,990 డాలర్లు. నెల కిస్తీ 60 డాలర్ల లోపే, నగరంలో ఇరుకు గదికి కట్టే అద్దె కన్నా తక్కువ. మార్చిలో అమ్మకాలు తెరిచిన రోజు చలిలో రోజుల తరబడి క్యూ కట్టిన జనంతో 1,400 ఒప్పందాలు కుదిరాయి. మరుసటి ఏడాది నమూనాలో మెట్ల కింద గోడలోనే టీవీ బిగించి ఇచ్చారు. 1951కి అక్కడ 17,447 ఇళ్ళు లేచాయి. ఆ ఊరే లెవిట్‌టౌన్.

ప్రైవేటు వ్యాపారి ప్రతిభకు ఇది గొప్ప ఉదాహరణ, కాదనలేం. అయితే ఆ ప్రతిభకు వెనకాల నిలబడింది ఎవరు? ఇళ్ళు కట్టకముందే వాటి అప్పులకు ప్రభుత్వ సంస్థలు బీమా హామీ ఇచ్చాయి. ఆ హామీ కాగితం చూపించి లెవిట్ నిర్మాణానికి డబ్బు తెచ్చుకున్నారు. ఇళ్ళు కట్టాక కొన్నవాళ్ళకు అప్పిచ్చిన బ్యాంకుకూ ప్రభుత్వ హామీయే దన్ను. ఈ కొస నుంచి ఆ కొస దాకా సర్కారు పూచీకత్తు లేని అంగుళం లేదు.

జీతాల సంగతికి డెట్రాయిట్ వెళ్ళాలి. 1945 నవంబరులో జనరల్ మోటార్స్ కార్మికులు సమ్మెకు దిగారు. 113 రోజులు నడిచింది. వాళ్ళ నాయకుడు వాల్టర్ రూథర్ 30 శాతం జీతం పెంచమని అడిగారు, కానీ కార్ల ధర మాత్రం పెంచకూడదన్నారు. అంత పెంచే స్తోమతు లేదంటే కంపెనీ తన లెక్కల పుస్తకాలు బయటపెట్టాలన్నారు. కంపెనీ ఒప్పుకోలేదు. పుస్తకాలు చూపించలేదు, అడిగినంత ఇవ్వలేదు. గంటకు పద్దెనిమిదిన్నర సెంట్లతో సమ్మె ముగిసింది. 1946లో దేశమంతటా 46 లక్షల మంది ఏదో ఒక సమ్మెలో ఉన్నారు. దానికి కోపంగా 1947లో కాంగ్రెస్ టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం తెచ్చి సంఘాల చేతులు కొంత కట్టేసింది. 1948 ఏప్రిల్‌లో ఎవరో వంటింటి కిటికీలోంచి తుపాకి కాల్చితే రూథర్ కుడి చెయ్యి ఛిద్రమైంది. అంతటి ఘర్షణ జరిగాక కుదిరిన రాజీ 1950 నాటి అయిదేళ్ళ ఒప్పందం. ధరలు పెరిగితే జీతం దానంతటదే పెరుగుతుంది. ఉత్పాదకత పెరుగుదలలో వాటాగా ఏటా ఇంకొంత పెంపు. రిటైరయ్యాక పింఛను. ఆరోగ్య బీమా ఖర్చులో సగం కంపెనీదే. ఫార్చూన్ పత్రిక దాన్ని డెట్రాయిట్ సంధి అంది. బదులుగా కార్మికులు కంపెనీని ఎలా నడపాలో అడిగే హక్కు వదులుకున్నారు. రూథర్ మొదట కోరిన దానితో పోలిస్తే అది తక్కువే. కానీ ఆ తక్కువే లక్షల కుటుంబాలను మధ్యతరగతి చేసింది. ఫోర్డ్, క్రిస్లర్, ఉక్కు కంపెనీలు, సంఘం లేని కంపెనీలు కూడా అదే దారి పట్టాల్సి వచ్చింది. యాభైల నడుమ అమెరికా ఉద్యోగుల్లో మూడో వంతు మంది సంఘ సభ్యులు.

పన్నుల మాటా చెప్పాలి, ఎందుకంటే ఇది ఇప్పుడు చాలామందికి నమ్మశక్యం కాని విషయం. యాభైలంతా అత్యధిక ఆదాయపు పన్ను రేటు 91 శాతం, అంతకు పైన. ఒంటరి వ్యక్తి ఏడాది ఆదాయం రెండు లక్షల డాలర్లు దాటితే, దాటిన ప్రతి డాలరు మీదా ఆ రేటు పడుతుంది. మినహాయింపుల సందుల్లోంచి తప్పించుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. అయినా రిపబ్లికన్ పార్టీ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఎనిమిదేళ్ళ పాలనలో ఆ రేటును ఉంచేశారు. పెట్టుబడి పారిపోలేదు. ఫ్యాక్టరీలు మూతపడలేదు.

అదే ఐసెన్‌హోవర్ 1956 జూన్‌లో అంతర్రాష్ట్ర రహదారుల చట్టం మీద సంతకం పెట్టారు. 41,000 మైళ్ళ రోడ్లు, ఖర్చులో 90 శాతం కేంద్రానిది, అందుకోసం పెట్రోలు మీద పన్ను పెంపు. 1952లో మెంఫిస్‌లో మొదటి హాలిడే ఇన్ తెరుచుకుంది, 1955లో రే క్రాక్ డెస్ ప్లెయిన్స్‌లో మెక్‌డొనాల్డ్స్ తెరిచారు. ఆ వ్యాపారాలు దేశమంతా పాకడానికి దారి వేసినవి సర్కారు రోడ్లే. పక్కనే రక్షణ బడ్జెట్ ఉండనే ఉంది. కొరియా యుద్ధం తర్వాత జాతీయాదాయంలో దాదాపు పదో వంతు సైన్యం మీదే ఖర్చయ్యేది. కాలిఫోర్నియా విమాన కంపెనీలను, తర్వాతి ఎలక్ట్రానిక్స్ పరిశ్రమను పెంచింది ఆ డబ్బే. ప్రచ్ఛన్న యుద్ధపు భయం మీద కట్టిన సంపద అది, మెచ్చుకోవలసిన సంగతి కాదు, కానీ దాచవలసిన సంగతి కూడా కాదు.

దీనికి ఒక అభ్యంతరం తరచూ వినిపిస్తుంది. ఐరోపా, జపాన్ బూడిదైపోయాయి, పోటీ లేదు, అందుకే అమెరికా బాగుపడింది అంటారు. పోటీ లేని మాట వాస్తవం. కానీ ఆ రోజుల్లో అమెరికా ఎగుమతులు జాతీయాదాయంలో ఇరవయ్యో వంతు అటూఇటూ మాత్రమే. దేశంలో తయారైన దాన్ని దేశంలో జనమే కొన్నారు, కొనడానికి వాళ్ళ చేతిలో జీతం ఉంది కాబట్టి. పైగా బూడిదైన పశ్చిమ జర్మనీ, జపాన్ ఆ పాతికేళ్ళలో అమెరికా కన్నా వేగంగా ఎదిగాయి. పక్కవాడి ఇల్లు కాలడం వల్లే సిరి వచ్చిందంటే, ఇల్లు కాలినవాడికి అంతకన్నా ఎక్కువ సిరి ఎలా వచ్చిందో చెప్పలేం.

ఇంతవరకు చెప్పింది వెలుగు. ఇదే లెవిట్‌టౌన్ కాగితాల్లోకి ఇంకొకసారి వెళ్దాం.

మొదట్లో ఇచ్చిన ఒప్పంద పత్రాల్లో గడ్డి వారానికోసారి కత్తిరించాలని, కంచెలు కట్టకూడదని రాసుంది. వాటితో పాటు ఇంకో నిబంధన. తెల్లజాతివారు తప్ప మరెవరూ ఈ ఇంటిని వాడుకోకూడదు, ఇందులో కాపురం ఉండకూడదు. ఇంటి పనివాళ్ళకు మాత్రం మినహాయింపు. అంటే నల్లజాతి స్త్రీ ఆ వంటింట్లో అంట్లు తోమవచ్చు, అదే వంటింటికి యజమానురాలు కాకూడదు. విలియం లెవిట్ యూదుడు. తన జాతి మీద వివక్ష ఏమిటో తెలిసినవాడు. ఇళ్ళ సమస్య తీర్చమంటే తీరుస్తాను, జాతుల సమస్య తీర్చమంటే ప్రయత్నిస్తాను, రెండూ కలిపి తీర్చలేనన్నది ఆయన వాదన. తప్పంతా ఆయన మీద తోయడం సులభం. కానీ అలాంటి నిబంధనలు ఉండాలని తన మార్గదర్శక గ్రంథంలో సిఫారసు చేసింది ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషనే. నల్లవాళ్ళుండే పేటలను ప్రమాదకరమైనవని పటాల మీద ఎర్రరంగు వేసి, అక్కడ అప్పులు పుట్టకుండా చేసింది ప్రభుత్వ సంస్థలే. డెట్రాయిట్‌లో 1941లో ఒక బిల్డరు తెల్లవాళ్ళ కోసం ఇళ్ళు కట్టబోతే, పక్కనే నల్లవాళ్ళున్నారని బీమా దొరకలేదు. ఆయన రెండు పేటల మధ్య ఆరడుగుల ఎత్తున, అరమైలు పొడవున కాంక్రీటు గోడ కట్టాడు. బీమా దొరికింది. ఆ గోడ ఇప్పటికీ ఉంది.

సైనికుల చట్టం అక్షరాల్లో జాతి వివక్ష లేదు. కానీ అమలు స్థానిక అధికారుల చేతిలో, అప్పు స్థానిక బ్యాంకు చేతిలో పెట్టారు. దక్షిణాది రాష్ట్రాల నాయకులు, ముఖ్యంగా మిసిసిపీకి చెందిన జాన్ ర్యాంకిన్, పట్టుబట్టి సాధించుకున్నది అదే. ఫలితం? 1947లో మిసిసిపీలోని పదమూడు పట్టణాల్లో సైనికుల సంస్థ పూచీతో ఇచ్చిన అప్పులు 3,229 అయితే, వాటిలో నల్లజాతి మాజీ సైనికులకు దక్కినవి రెండు. అదే యుద్ధంలో అదే యూనిఫాం వేసుకుని తిరిగొచ్చినవాళ్ళు వాళ్ళు. వాళ్ళలో ఐజక్ వుడార్డ్ అనే సార్జెంటు, 1946 ఫిబ్రవరిలో సైన్యం నుంచి విడుదలైన కొన్ని గంటలకే, ఒంటిమీద యూనిఫాంతోనే, దక్షిణ కరొలినాలో పోలీసు దెబ్బలకు రెండు కళ్ళూ పోగొట్టుకున్నాడు.

1948లో సుప్రీంకోర్టు ఇలాంటి జాతి నిబంధనలను కోర్టులు అమలు చేయరాదని తీర్పు చెప్పింది. పత్రాల్లోంచి ఆ వాక్యం పోయింది, పద్ధతి పోలేదు. పెన్సిల్వేనియాలో లెవిట్ కట్టిన రెండో లెవిట్‌టౌన్‌లోకి 1957 ఆగస్టులో విలియం, డైసీ మయర్స్ అనే నల్లజాతి దంపతులు చంటిపిల్లలతో వచ్చారు. లెవిట్ అమ్మలేదు, ఒక యజమాని నుంచి నేరుగా కొన్నారు. విలియం మయర్స్ మాజీ సైనికుడు. మొదటి సాయంత్రమే వందలమంది ఇంటి ముందు చేరారు. రాళ్ళు పడ్డాయి, ముందు కిటికీ పగిలింది. రోజుల తరబడి గుంపులు, అరుపులు, తర్వాత దగ్గర్లో శిలువ తగలబెట్టడం. గవర్నరు రాష్ట్ర పోలీసులను పంపాల్సి వచ్చింది. వెనకవైపున్న ఖాళీ ఇంటిని పట్టుకుని కొందరు దక్షిణాది కాన్ఫెడరేట్ జెండా ఎగరేసి, హోరెత్తేలా పాటలు పెట్టారు. కొందరు పొరుగువాళ్ళు మాత్రం ఆ కుటుంబానికి తోడుగా నిలిచి రాత్రుళ్ళు కాపలా కాశారు. మయర్స్ దంపతులు బెదరలేదు, నాలుగేళ్ళు అక్కడే ఉన్నారు.

రోడ్ల కథా ఇంతే. తెల్లవాళ్ళను శివార్ల నుంచి నగరంలోని ఆఫీసులకు చేర్చే రహదారులు నల్లవాళ్ళ పేటల మీదుగా వెళ్ళాయి. డెట్రాయిట్‌లో హేస్టింగ్స్ వీధి, సెయింట్ పాల్‌లో రాండో, మయామీలో ఓవర్‌టౌన్. దుకాణాలు, చర్చిలు, పాటల క్లబ్బులు బుల్‌డోజర్ల కింద పోయాయి. 1959లో, అంటే ఆ వైభవం నడిమధ్యలో, అమెరికన్లలో 22 శాతం మంది దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నారు. నల్లజాతివారిలో 55 శాతం. వృద్ధుల్లో మూడో వంతుకు పైగా. 1962లో రచయిత మైకేల్ హ్యారింగ్టన్ తన పుస్తకంలో ఈ రెండో అమెరికాను చూపించేదాకా శివార్లలో ఉన్నవాళ్ళకు అది కళ్ళబడలేదు, ఎందుకంటే కొత్త రోడ్డు మీద కారులో వెళ్ళేవాడికి ఆ పేటలు కనబడవు. స్త్రీల పరిస్థితి వేరే వ్యాసానికి సరిపోయేంత ఉంది. ఇక్కడ ఒక్కటి చెబితే చాలు: పెళ్ళయిన స్త్రీ సంపాదన ఎంతున్నా ఇంటి అప్పు లెక్కలో బ్యాంకులు దాన్ని పక్కన పెట్టగలిగేవి, దాన్ని చట్టం నిషేధించింది 1974లో.

ఈ అన్యాయానికి వడ్డీ పెరుగుతూ వచ్చింది. ఎనిమిది వేల డాలర్ల లోపు కొన్న లెవిట్‌టౌన్ ఇల్లు ఇప్పుడు అయిదు లక్షల డాలర్లకు పైనే పలుకుతుంది. తాత కొన్న ఇల్లు తాకట్టు పెట్టి తండ్రి పిల్లల్ని కాలేజీకి పంపాడు. ఆ ఇల్లు కొననివ్వని తాత మనవడికి అప్పుతోనే చదువు. అమెరికాలో తెల్ల, నల్ల కుటుంబాల ఆస్తుల మధ్య నేటికీ ఉన్న అగాధానికి ఇది పెద్ద కారణం.

ఆ రోజులు మళ్ళీ తెస్తామని ఇప్పుడు అమెరికాలో వాగ్దానాలకు కొదవ లేదు. తెచ్చే మాట నిజమైతే అడగవలసినవి సూటిగా అడగాలి. అత్యధిక పన్ను రేటు అప్పుడు 91 శాతం, ఇప్పుడు 37. ప్రైవేటు ఉద్యోగుల్లో సంఘ సభ్యులు ఇప్పుడు ఆరు శాతం దగ్గర ఉన్నారు. కాలేజీ ఫీజు కట్టే ప్రభుత్వం స్థానంలో చదువు అప్పులు వచ్చాయి. పూచీకత్తు, బేరమాడే బలం, పన్ను, ఈ మూడూ లేకుండా మిగిలేది ఆ కాలపు గోడలు మాత్రమే. వాటిని తిరిగి కట్టాలని కోరుకునేవాళ్ళను గట్టిగా ఎదిరించాలి. మిగతా మూడింటినీ ఈసారి అందరికీ అందేలా తేవాలని కోరేవాళ్ళ పక్షాన నిలబడాలి.

తెలుగువారికి ఈ చరిత్ర పరాయిది కాదు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరారు. భారతీయులు అమెరికా పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో తీర్పు చెప్పిందీ ఆ ఏడాదే. ఆ తలుపు 1946 జులైలో తెరుచుకుంది, అదీ ఏడాదికి వందమంది కోటాతో. 1948లో సుబ్బారావు పోయేనాటికి ఆయన నడిపిన లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చిన మందులు అమెరికన్ ఇళ్ళకు చేరుతున్నాయి. లెవిట్‌టౌన్ ఒప్పందంలోని ఆ నిబంధన ఆయనకూ వర్తించేదే. 1965 అక్టోబరులో అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం వచ్చాక మన డాక్టర్లు, ఇంజినీర్లు వందల్లో, తర్వాత వేలల్లో వెళ్ళారు. గడ్డి మైదానం, గరాజు ఉన్న శివారు ఇంటి ముందు నిలబడి ఫోటో దిగి ఊరికి పంపారు. సొంత కష్టంతో కొన్నారు, అందులో సందేహం లేదు. ఆ ఇల్లు అమ్మనని జాతి పేరు చెప్పి అనడాన్ని నిషేధించిన చట్టం మాత్రం 1968 ఏప్రిల్ 11న వచ్చింది. ఇళ్ళ విషయంలో వివక్ష పోవాలని షికాగోలో ఊరేగింపు తీస్తూ 1966 ఆగస్టులో తలకు రాయి దెబ్బ తిన్న మార్టిన్ లూథర్ కింగ్, ఆ చట్టం వచ్చేసరికి హత్యకు గురై వారం రోజులైంది. నల్లజాతివారు రక్తం ధారపోసి తెరిపించిన తలుపులోంచే తెలుగు కుటుంబాలు ఆ ఇళ్ళలోకి నడిచాయి. అమెరికాలో మనవాళ్ళ విజయగాథలు చెప్పుకునే ప్రతి సభలోనూ ఈ మాట పిల్లలకు వినబడేలా చెప్పాలి.